చెప్పుల బరువు మూడు వందల గ్రాములు

బూట్ల ఫ్యాక్టరీ హాస్టల్, రెండో అంతస్తు,
మార్చి 2.

మహారాజశ్రీ తూకం బాబాయి గారి సముఖమునకు,

తమరి అన్నగారి కూతురు, చిన్నప్పటి నుంచి తమరింట్లోనే తిని పెరిగి, ప్రస్తుతం ఈ ఫ్యాక్టరీలో బూట్ల పరీక్షాధికారిణిగా వెలుగుతున్న పిడుగు (నా కింద ఒక స్టూలు తప్ప ఎవరూ లేరు) రాసుకునే ఫిర్యాదు ఏమనగా:

నిన్న పిన్ని ఫోన్ చేసింది. హాస్టల్లో దుప్పట్లు సరిపోతున్నాయా, నల్లా బాగుచేశారా అని అన్నీ అడిగి, పెట్టేసే ముందు, "మీ బాబాయికి బీపీ అట, కాళ్ళు కూడా వాస్తున్నాయి, నీకు చెప్పొద్దన్నారు, నేనేం చెప్పలేదు" అంది. నిలుచున్న చోటే కూలబడ్డాను. అక్కడ జిగురు పళ్ళెం ఉంది. ఆ సంగతి వేరే ఉత్తరంలో.

రెండు నెలలుగా నీకు బీపీ మాత్ర నడుస్తోందట. ఈ రెండు నెలల్లో నువ్వు నాకు రాసినవి ఐదు ఉత్తరాలు. వాటిలో గోదాము పిల్లికి ఎన్ని పిల్లలు పుట్టాయో, ఏ పిల్ల ఎన్ని గ్రాములు తూగిందో ఉంది గానీ, నీ ఒంటి సంగతి ఒక్క ముక్క లేదు. పోనీ ఫోన్లో తిడదామా అంటే నీకది డబ్బాలో ఈగ మోత. ముప్పై ఏళ్ళు లారీల మధ్య నిలబడి రెండు చెవులూ గోదాముకే ధారపోశావు. అందుకని తిట్లన్నీ పోస్టులో పంపాల్సి వస్తోంది. గుండ్రటి చేతిరాతతో తిట్టడం ఎంత కష్టమో నీకేం తెలుసు.

దీంతో పాటు ఒక పార్శిల్ వస్తుంది. కంగారుపడకు, అవి బూట్లు. ఈ మోడల్ పేరు 'ఏనుగు'. ముందు ఇనుప టోపీ, కింద మూడు పొరల అట్ట. ఒక్కోటి కిలోంబావు. నేను పరీక్షించి, "సరే" అని సంతకం పెట్టిన మొట్టమొదటి జత ఇదే. మేనేజరు కాళ్ళావేళ్ళా పడి కొనుక్కున్నాను. ఆ అరిగిపోయిన రబ్బరు చెప్పులతో మూటల మధ్య తిరిగే మనిషిని తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. ఎక్కడైనా కరిస్తే రాయి. మొహమాటపడకు. ఫిర్యాదులు వినడానికే నాకు జీతం ఇస్తున్నారు.

ఇట్లు,
భవదీయురాలు, జిగురంటిన
పిడుగు

*

గోదాము, తూకం గది,
మార్చి 9.

అమ్మడూ,

కాగితాలు లేక, పాడైన తూకం చీటీల వెనక రాస్తున్నాను. ముందువైపు చదవకు. అదంతా సిమెంటు బస్తాలు.

మీ పిన్ని నోట్లో నువ్వుగింజ నానదని నాకు తెలిసి కూడా చెప్పడం నాదే తప్పు. నువ్వు బెదిరిపోయేంత ఏం లేదు. పొద్దున్నే బీపీకి తెల్ల మాత్ర ఒకటి. కాళ్ళు వాస్తున్నాయని పోయిన వారం డాక్టరమ్మ పచ్చ మాత్ర ఒకటి కలిపింది. దాన్ని నీళ్ళ మాత్ర అంటారట. ఒంట్లో ఎక్కువైన నీటిని బయటికి తోలేస్తుంది. నిజంగానే తోలేస్తోంది. పది లారీలు తూచే లోపు ఎనిమిది సార్లు లేస్తున్నాను. హమాలీ మేస్త్రీ నాకు 'మెయిలు బండి' అని పేరు పెట్టాడు.

రెండు మాత్రలూ కలిపి వాడేటప్పుడు ఒక కంట కనిపెట్టి ఉండాలంది డాక్టరమ్మ. పది రోజులకి రక్తపరీక్షకి రమ్మంది. రోజూ పొద్దున్నే బరువు చూసుకోమంది. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే వెంటనే తన దగ్గరికి రమ్మంది. బరువు ఎలా చూసుకోవాలో కూడా చెప్పబోయింది. తాతకు దగ్గులు నేర్పడం అంటే ఇదే. అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్ళుగా చేసేది అదే పని అన్నాను.

మూటల తూకం తెలుసుగా, నిన్ను చిన్నప్పుడు ప్రతి నెలా ఒకటో తారీకున కూర్చోబెట్టిన ఇనుప పలక. రోజూ ఎనిమిదింటికి, మొదటి లారీ రాకముందు, దాని మీద నిలబడుతున్నాను. చెప్పుల బరువు మూడు వందల గ్రాములు. అది ఖాళీ బరువు కింద మిషన్లో ఒక బొత్తానికి పెట్టేశాను, నొక్కితే అదే తీసేసి చూపిస్తుంది. ఈరోజు డెబ్భై ఎనిమిది కిలోల నాలుగు వందలు. లారీ అయినా మనిషైనా, ఖాళీ బరువు తియ్యకుండా నిండు బరువు చెప్పేవాడు తూకం మనిషే కాదు. ఆ పొరపాటు నా చేతి మీదుగా ఇప్పటిదాకా జరగలేదు.

బూట్లు అందాయి. కాళ్ళు కొలిచి పోత పోసినట్టున్నాయి. సోమవారం నుంచి వేసుకుంటాను. మేస్త్రీ ముట్టుకుని చూసి, ఇవి తొడుక్కుంటే జీతం పెంచాల్సి వస్తుందన్నాడు.

మీ
బాబాయి

*

హాస్టల్,
మార్చి 13.

తెల్ల మాత్రాధీశ, పచ్చ మాత్రాధీశ బాబాయి గారికి,

ఇందుమూలంగా జారీ చేయడమైన ఉత్తర్వులు. ఒకటి, గోదాములో నీకంటే బరువైన పనులు మేస్త్రీకి అప్పగించాలి. రెండు, రక్తపరీక్షకి వెళ్ళాలి. మూడు, రక్తపరీక్షకి వెళ్ళాలి. రెండోదే మళ్ళీ రాశానని నవ్వకు, నిన్ను నాకు తెలుసు.

బూట్లు తొడుక్కున్నావా? సోమవారం పొద్దున్న మెషీను ముందు కూర్చుని, ఎనిమిదింటికి, ఇప్పుడు బాబాయి లేసులు కట్టుకుంటున్నాడు అనుకున్నాను. పక్కనున్న అమ్మాయి నేనెందుకు నవ్వుతున్నానో అడిగింది. ఏనుగుకి మావటి దొరికాడు అన్నాను. ఆవిడ స్టూలు కాస్త దూరం జరుపుకుంది.

ఎక్కడైనా కరుస్తున్నాయా? నిజం చెప్పు.

పిడుగు

*

తూకం గది,
మార్చి 16.

అమ్మడూ,

కరవడమా, పాపం శమించుగాక. మహారాజు నడిచినట్టుంది.

అయితే ఒక సంగతి. రాయకపోతే మళ్ళీ జిగురులో కూర్చుంటావని రాస్తున్నాను. సోమవారం పొద్దున తూకం మీద నిలబడితే ఎనభై కిలోల ఆరు వందలు చూపించింది. శనివారం డెబ్భై ఎనిమిది నాలుగు వందలు. ఒక్క ఆదివారంలో రెండు కిలోల రెండు వందలు. నా గుండె జారి ఆ పలక మీదే పడింది. దిగాను, ఎక్కాను. అదే అంకె. మిషను పాడైందేమోనని ఇరవై కిలోల రాయి పెట్టి చూశాను. సరిగ్గా ఇరవై. మిషను తప్పు చెప్పదు. అంటే నీళ్ళే.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలంటే పొద్దున్నే టోకెను, మధ్యాహ్నం దాకా బెంచీ. ఇక్కడ ఏడాది ఆఖరు సరుకు రద్దీ. అందుకని ఆలోచించాను. ఎక్కువ బరువు వేసుకొచ్చిన లారీని మనం ఏం చేస్తాం? ఆస్పత్రికి పంపుతామా? ఎక్కువున్న సరుకు దించేస్తాం. అదే చేశాను. పచ్చ మాత్ర ఇంకొకటి వేసుకున్నాను. మంగళవారానికి ఎనభై కిలోల ఒక వంద. పనిచేస్తోంది. రోజుకి రెండు కొనసాగిస్తున్నాను.

నోరు కాస్త ఎండుతోంది. కుర్చీలోంచి లేస్తే గది ఒకసారి పక్కకి వాలి, మళ్ళీ తన చోటికి తను వస్తోంది. కుర్చీ పాతదైపోయింది.

రక్తపరీక్ష ఈ సరుకు పని అయ్యాక. బరువు దిగనీ, అప్పుడు దర్జాగా వెళ్తాను.

బాబాయి

*

హాస్టల్,
మార్చి 20.

సరుకు దించిన మహానుభావా,

రెండు కిలోల రెండు వందలు అని చదివి నా కళ్ళు బైర్లు కమ్మాయి. తర్వాత లారీ సిద్ధాంతం చదివి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాను. హాస్టల్లో అందరికీ చదివి వినిపించాను. వంట చేసే ఆవిడ కూడా గరిటె పక్కన పెట్టి విన్నది. నీ బుర్రకి వందకి వంద మార్కులు. డాక్టర్లందరినీ ఒక నెల నీ గోదాములో శిక్షణకి పంపాలి.

కుర్చీ మార్చమని మేస్త్రీతో చెప్పు. గదిని కూడా మార్చమను, వాలే గది ఎవడికి కావాలి.

బరువు ఎంతకి దిగిందో రాయి. ఇక్కడ పందేలు కాశారు.

పిడుగు

*

తూకం గది,
మార్చి 26.

అమ్మడూ,

డెబ్భై తొమ్మిది ఒక వంద. ఇంకా ఏడు వందల గ్రాములు దిగాలి. మొండికేసింది. మూడు రోజుల నుంచి పచ్చవి రోజుకి మూడు వేస్తున్నాను. పిన్నికి తెలిసింది ఒకటే, చెప్పకు.

చేతిరాత చూసి నవ్వకు. గీత మీద రాస్తున్నాననుకుంటే కిందికి పోతోంది. మొన్న పిల్లిపిల్లని తూచి దాని బరువు మరిచిపోయాను. రెండుసార్లు తూచి రెండుసార్లూ మరిచిపోయాను.

ఇంకొకటి. నిన్నటి నుంచి పచ్చ మాత్ర పనిచెయ్యడం లేదు. మూడు వేసుకున్నా రోజంతా ఒక్కసారే లేచాను. అదీ కాస్త. మెయిలు బండి ఆగిపోయిందని మేస్త్రీ అన్నాడు. మాత్రలు పాతవి అంటగట్టాడేమో షాపువాడు. పెట్టె మారుస్తాను.

బూట్లు బాగున్నాయి.

బాబాయి

*

ఆసుపత్రి, మూడో అంతస్తు,
వార్డు తలుపు బయట బెంచీ,
మార్చి 31, పొద్దున పది.

బాబాయ్,

నన్ను లోపలికి రానివ్వడం లేదు. రానిచ్చినా నేను గట్టిగా అరిస్తే తప్ప నీకు వినబడదు, అరిస్తే పక్క మంచాలవాళ్ళు లేస్తారు. అందుకని రాసి సిస్టర్ చేత పంపిస్తున్నాను. ఆవిడకి ఇది ఆఖరి సహాయమట. ఇలాంటి ఆఖరి సహాయాలు ఆవిడ చేత ఇంకా చేయించుకుంటాను.

నీ ఇరవై ఆరో తేదీ ఉత్తరం నాకు నిన్న పొద్దున ఫ్యాక్టరీలో చేరింది. చదివి జేబులో పెట్టుకున్నాను. బాగులేదని అనిపించింది గానీ ఏం బాగులేదో తెలియలేదు. బల్ల మీద తొమ్మిదో సైజు, అంటే నీ సైజే, ఏనుగు జత ఉంది. పరీక్ష కాగితంలో మొదటి గడి బరువు. త్రాసు మీద పెట్టాను. రెండు కిలోల ఐదు వందలు. రాశాను. రాసిన అంకెని చూస్తూ ఉండిపోయాను.

చెప్పులు మూడు వందలు. బూట్లు రెండు కిలోల ఐదు వందలు. మిషన్లో ఉన్నది చెప్పుల బరువు. రెండిటికీ తేడా రెండు కిలోల రెండు వందలు.

సోమవారం. నువ్వు సోమవారం నుంచి వేసుకుంటానన్నావు. నేను ఆరోజు ఎనిమిదింటికి లేసులు కట్టుకుంటున్నావని నవ్వుకున్నాను.

నీ ఒంట్లో చుక్క నీరు పెరగలేదు బాబాయ్. నువ్వు తూచింది నా బూట్లని. ఆ బూట్ల బరువు దించడానికి నీ ఒంట్లో ఉన్న నీళ్ళు తోడేసుకుంటూ వచ్చావు.

పిన్నికి ఫోన్ చేశాను. మేస్త్రీ ఎత్తాడు. పిన్ని నీ పక్కన ఆటోలో ఉందట, ఫోన్ ఆయన చేతిలో పెట్టిందట. అరగంట కిందట తూకం పలక మీదే పడిపోయావని చెప్పాడు. పడ్డాక కూడా అంకె వెలుగుతూనే ఉందట. డెబ్భై ఎనిమిది ఆరు వందలు. "ఇంక రెండు వందలే మిగిలింది మేస్త్రీ" అన్నావట, అని కళ్ళు మూశావట. ఇక్కడ బూట్లు విప్పి తూచారు. డెబ్భై ఆరు నాలుగు వందలు.

ఎలా వచ్చానో నాకు గుర్తులేదు. బస్సులో ఎవరో నీళ్ళ సీసా ఇస్తే తాగలేకపోయాను.

ఇప్పుడు అసలు సంగతి, జాగ్రత్తగా చదువు. నీ బీపీ పడుకునే ఉంది. నిన్నటి నుంచి నీ సంచీలోకి మూత్రం రాలేదు. రక్తంలో ఉప్పులు తారుమారయ్యాయి. పచ్చవి మూడేసి వేసుకున్నావని నీ ఉత్తరం చూపించి డాక్టరమ్మకి చెప్పాను. అయినా లెక్క కుదరడం లేదంటోంది. ఈ రెండు మాత్రలే అయితే కిడ్నీ ఇంత మొరాయించకూడదట. ఇంకేం వాడావని ఆవిడ అడిగితే, "తెల్లది, పచ్చది, అంతే" అన్నావట. మేస్త్రీని పక్కకి తీసుకెళ్ళి అడిగాను. తను నొప్పి మాత్రలు రెండే ఇచ్చానని, తర్వాతవి తనకి తెలియదని అన్నాడు. ఆయన నా మొహం చూడలేదు.

తర్వాతవి ఏమిటి బాబాయ్? నొప్పి ఎక్కడ? ఎన్ని వేసుకున్నావు? ఆవిడకి నిండు బరువు కావాలి. నువ్వు ఏదో దాచి చెప్తున్నావు. రేపు పొద్దుటికి మూత్రం రాకపోతే మిషను పెట్టి రక్తం కడగాలంటున్నారు.

నా ఇరవయ్యో తేదీ ఉత్తరం ఎక్కడుంటే అక్కడ చించెయ్. వందకి వంద అని రాశాను.

నీ
పిడుగు

*

మంచం నంబరు నాలుగు,
జ్వరం చీటీ వెనక.

అమ్మడూ,

సిస్టర్ కలం ఇచ్చింది. చెయ్యి చెప్పినట్టు వినడం లేదు, అయినా రాస్తాను.

కరిచాయి. మొదటి రోజు నుంచే. ఎడమ కాలు చిటికెన వేలు, కుడి కాలు మడమ. మంగళవారానికి మడమ తోలు లేచింది. నువ్వు సంతకం పెట్టిన మొదటి జత కదా. కరుస్తున్నాయని రాస్తే నువ్వు ఆ సంతకం గురించి ఆలోచిస్తూ కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలుసు. పుట్టిన దగ్గర నుంచి తూస్తున్నాను.

మేస్త్రీ ఇచ్చినవి బాగా పనిచేశాయి. అవే షాపులో కొనుక్కున్నాను. మొదట రోజుకి రెండు, తర్వాత నాలుగు. కాళ్ళు ఇంకా వాచాయి, బూట్లు ఇంకా బిగిశాయి. ఐదు వేసుకున్న రోజు కూడా ఉంది. మొత్తం పదమూడు రోజులు. నొప్పి మాత్ర నొప్పికే కదా, బీపీతో దానికేం పని అనుకున్నాను.

ఇక్కడ కూడా చొక్కా జేబులో స్ట్రిప్పు ఉండిపోయింది. ఇవాళ తెల్లవారాక ఒకటి వేసుకున్నాను. సిస్టర్ చూడలేదు. మిగిలినవి ఈ చీటీకి గుచ్చి పంపిస్తున్నాను. డాక్టరమ్మకి ఇచ్చెయ్. నువ్వు బెంచీ మీద ఉన్నావని తెలిసి ఆవిడతో చెప్పలేకపోయాను. చెప్తే బూట్లు కరిచాయని చెప్పాలి.

ఇంకొకటి. నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను ఖాళీ బరువు మరిచిపోయానా? నేనా? మిషనుకి రాయి పెట్టి చూశాను గానీ కాళ్ళకేసి చూడలేదు. ముప్పై ఒక్క ఏళ్ళమ్మా.

మేస్త్రీకి చెప్పకు.

*

అదే బెంచీ,
మధ్యాహ్నం మూడు.

బాబాయ్,

స్ట్రిప్పు చూడగానే డాక్టరమ్మ గబగబా లోపలికి వెళ్ళింది. నీ మంచం చుట్టూ తెర లాగారు. ఆ తెర కింద నుంచి నాలుగు జతల కాళ్ళు కనిపించాయి. ఏ కాళ్ళు ఎటు వెళ్తే ఏం అర్థమో తెలియక అన్నిటినీ చూస్తూ కూర్చున్నాను. పిన్ని నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ గోళ్ళు దిగినచోట ఇప్పటికీ గుర్తులున్నాయి.

తర్వాత వచ్చి, నన్ను కూర్చోబెట్టి, నీ చార్టు మూలన బొమ్మ గీసి చెప్పింది. కిడ్నీ అంటే జల్లెడ. దాని గుండా రక్తం కాస్త ఒత్తిడితో పారాలి. నీళ్ళ మాత్ర ఒంట్లో నీరు తగ్గిస్తుంది. నీ బీపీ మాత్ర ఒత్తిడి తగ్గిస్తుంది, జల్లెడ దగ్గర కూడా. రెండూ మంచివే, కలిపి చాలామందికి ఇస్తారు, నీకిచ్చింది కూడా ఆవిడే. అందుకే రక్తపరీక్షకి రమ్మంది. నువ్వు నీళ్ళు మూడింతలు తోడావు. వాటి మీద నొప్పి మాత్ర వచ్చి జల్లెడలోకి వెళ్ళే దారినే నొక్కేసింది. పైగా ఆ నొప్పి మాత్ర కాళ్ళకి నీరు పట్టిస్తుందట. కాళ్ళు వాస్తే బూట్లు బిగుస్తాయి, బూట్లు బిగిస్తే నొప్పి, నొప్పికి మళ్ళీ అదే మాత్ర. ఎద్దు గానుగ చుట్టూ తిరిగినట్టు తిరిగావు. ఆ గానుగకి ఎద్దుని కట్టింది నేను.

నువ్వు స్ట్రిప్పు పంపకపోయి ఉంటే, కాలినొప్పికని సాయంత్రం సిస్టర్ కూడా నీకు అదే జాతి మాత్ర ఇచ్చేదట. చీటీ మీద రాసి సిద్ధంగా ఉంది. సిస్టరే నాకు చూపించి కొట్టేసింది.

ఇప్పుడు అన్నీ ఆపేశారు. సెలైను చాలా నెమ్మదిగా ఎక్కిస్తున్నారు, నీ గుండె తట్టుకోవాలి కాబట్టి. రేపు పొద్దున ఏడింటిదాకా చూస్తారట. నీ మంచానికి వేలాడే సంచీ మీద గీతలున్నాయి, సిస్టర్ గంటకోసారి వచ్చి చూస్తోంది. తలుపు సందులోంచి నాకు వేళ్ళతో చూపిస్తోంది. ఇప్పటిదాకా పిడికిలే చూపించింది. పిడికిలంటే సున్నా.

బాగున్నానని రాయకు. ఏదైనా బాగులేకపోతేనే రాయి.

పిడుగు

*

మంచం నాలుగు.

నోరు ఎండిపోయింది. వీపు నొప్పి. దుప్పటి గరుకు. పక్క మంచం ఆయన గురక నా చెవికే వినిపిస్తోందంటే చూసుకో. భయంగా ఉంది.

చాలా? ఇంకా కావాలా?

నీ ఇరవయ్యో తేదీ ఉత్తరం చించను. అందులో వాలే గది జోకు బాగుంది.

*

బెంచీ,
ఏప్రిల్ 1, ఉదయం.

బాబాయ్,

భయంగా ఉందని నువ్వు రాయడం నా ఇరవై నాలుగేళ్ళ జీవితంలో ఇదే మొదటిసారి. పిన్నికి చూపించాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తనకీ మొదటిసారేనట.

ఆరున్నరయింది. పిడికిలే. మిషను గది శుభ్రం చేస్తున్నారు, ఫినాయిలు వాసన ఇక్కడిదాకా వస్తోంది. అది ఎవరి కోసమో నేను అడగలేదు. నా కాళ్ళ దగ్గర ప్లాస్టిక్ కవరులో నీ బట్టలు, బూట్లు ఇచ్చారు. కుడి బూటు లోపల మడమ దగ్గర చెయ్యి పెట్టి చూశాను. కుట్టు దారం ముడి ఒకటి లోపలికి పొడుచుకొచ్చింది. బియ్యపు గింజంత. నేను సంతకం పెట్టింది దాని మీద.

పంపిస్తున్నాను. సిస్టర్ చీటీ కోసం వచ్చింది.

*

మంచం నాలుగు,
ఏడుంబావు.

అమ్మడూ,

సిస్టర్ సంచీ ఎత్తి వెలుతురుకి పట్టి రెండుసార్లు చూపించింది. వేళ్ళతో చెప్పనివ్వలేదు, నేను రాస్తానని చీటీ తీసుకున్నాను.

మూడు వందలు.

సరిగ్గా చెప్పులంత. మిషను గది వేరే ఎవరికోనట, పాపం. డాక్టరమ్మ వచ్చి మంచం పక్కన కూర్చుంది. ఇన్నాళ్ళలో ఆవిడ కూర్చోగా చూడటం ఇదే.

*

హాస్టల్,
మే 20.

బాబాయి గారికి,

డాక్టరమ్మ చీటీ పిన్ని ఫోన్లో చదివి వినిపించింది. కిడ్నీ అంకె దాదాపు మామూలుకి వచ్చిందట. తెల్ల మాత్ర సగం, పచ్చది రోజు విడిచి రోజు, మళ్ళీ మొదలుపెట్టిందట. ఈసారి వారం వారం రక్తపరీక్ష. నొప్పి మాత్ర ఏదైనా సరే ముందు ఆవిడని అడగాలి. షాపువాడికి కూడా నీ ఫోటో ఇచ్చి రమ్మన్నాను. పిన్ని ఇచ్చేసింది. నీ పెళ్ళి ఫోటో.

నేను నవ్వుతూ రాయాలనే కూర్చున్నాను, కానీ ఇంకా కుదరడం లేదు. రోజూ ప్రతి జతలో చెయ్యి పెట్టి మడమ దగ్గర వెతుకుతున్నాను. నా బల్ల మీద జతలు పేరుకుపోతున్నాయి, మేనేజరు గొణుగుతున్నాడు. ఏనుగు మోడల్ మొత్తం ఆ ముడి కోసం వెనక్కి రప్పించాను. నా మొదటి సంతకం కొట్టేసి పక్కన "తప్పు" అని రాసి మళ్ళీ సంతకం పెట్టాను. మేనేజరు అలాంటి గడి కాగితంలో లేదన్నాడు. గీశాను.

దీంతో పాటు చెప్పుల జత పంపుతున్నాను. రబ్బరువి. నేనే కోసి అంటించాను. బరువు కావాలనే రాయడం లేదు. పలక మీద ఒట్టి కాళ్ళతోనే ఎక్కు.

ఇన్నాళ్ళూ నేను నిన్ను ఎక్కడైనా కరిస్తే రాయమన్నాను. నువ్వు మహారాజులా ఉందన్నావు. నాకు ఇక మహారాజు వద్దు. నాకు వచ్చే ఉత్తరంలో ఒక్క ఫిర్యాదు ఉండాలి. లేకపోతే తెరవను.

నీ
పిడుగు

*

తూకం గది,
మే 27.

అమ్మడూ,

ఒట్టి కాళ్ళు. డెబ్భై ఏడు కిలోల ఒక వంద. మేస్త్రీ సాక్షి సంతకం పెట్టాడు, కింద చూడు. అతనికి అంతా తెలిసిపోయింది. ఇప్పుడు ఏ లారీ వచ్చినా డ్రైవర్‌ని దింపి చెప్పులు చూస్తున్నాడు. నా పరువు పోయింది.

కొత్త చెప్పులు తొడుక్కున్నాను. కుడిది బొటనవేలి దగ్గర కరుస్తోంది. బాగా కరుస్తోంది. ఎడమది కాస్త వదులు, మెట్లు దిగుతుంటే టపటపమని నా కంటే ముందు వెళ్తోంది. రంగు కూడా నాకు నచ్చలేదు.

మార్చి పంపు.

బాబాయి